నలభైమందికి టిఫిను... మీ విస్తరీ పంక్తిలోనే!

సంక్రాంతికో, పెళ్ళికో, పసిపిల్ల బారసాలకో చుట్టాలొస్తున్నారంటే ఏ ఇల్లాలికైనా సంతోషమే. మధ్యాహ్నం భోజనాల గురించి అంత బెంగ ఉండదు. వంటవాళ్ళని మాట్లాడతారు, షామియానా వేస్తారు, పెద్ద పొయ్యిలు పెడతారు. అసలు పరీక్ష పొద్దుటి టిఫిను దగ్గరే వస్తుంది. "దానికి వంటవాళ్ళెందుకు, ఇంట్లోనే చేసేద్దాం" అని ఎవరో ఒకరు తేలిగ్గా అనేస్తారు. ఆ మాట అన్నవాళ్ళు తెల్లారి వరండాలో పేపరు చదువుకుంటూ ఉంటారు. విన్నావిడ పొయ్యి ముందు నుంచుని ఉంటుంది.

మా కాకుమాను వైపు సంగతే చూడండి. హైదరాబాదు నుంచీ చెన్నై నుంచీ వచ్చేవాళ్ళు తెనాలిలోనో, నిడుబ్రోలులోనో, బాపట్లలోనో రైలు దిగుతారు. అక్కణ్ణించి బస్సో ఆటోనో పట్టుకుని ఇంటికి చేరేసరికి ఒకళ్ళకి ఆరవుతుంది, ఇంకొకళ్ళకి ఏడున్నరవుతుంది. రేపల్లె వైపు వాళ్ళు స్నానాలు చేసి తీరిగ్గా ఎనిమిదిన్నరకి వస్తారు. పెద్దవాళ్ళు మాత్రలు వేసుకోవాలి కనక ఏడింటికల్లా ఏదో ఒకటి కడుపులో పడాలి. పిల్లలు లేచేదే తొమ్మిదింటికి. అంటే టిఫిను ఆరింటికి మొదలై పదకొండు దాకా సాగుతుందన్నమాట. ఆ అయిదు గంటలూ ఒక మనిషి నుంచునే ఉండాలా? అక్కర్లేదు. ఏం చెయ్యాలన్నది ముందురోజే ఆలోచించుకుంటే చాలు.

ముందు ఒక లెక్క వేద్దాం

"చుట్టాలొచ్చారు కదా, వేడి వేడిగా పెసరట్లు వేస్తే బాగుంటుంది" అంటారు. నిజమే, బాగుంటుంది, తినేవాళ్ళకి! నలభైమందికి తలా రెండు చొప్పున ఎనభై అట్లు. ఒక్కోటి కాలి పళ్ళెంలోకి రావడానికి రెండున్నర నిమిషాలనుకున్నా రెండు వందల నిమిషాలు. అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. రెండు పెనాలు పెట్టినా గంటా నలభై నిమిషాలు. ఈ సేపంతా అట్లకాడ పట్టుకున్నావిడ పక్కకి జరగడానికి లేదు. వచ్చిన చెల్లెల్ని పలకరించడానికైనా వీలుండదు.

అదే ఇడ్లీ అనుకోండి. తలకి మూడు చొప్పున నూట ఇరవై. పదహారు ఇడ్లీలు పట్టే పాత్రలో ఎనిమిది వాయిలు. వాయికి పావుగంట చొప్పున రెండు గంటలు. రెండు పొయ్యిల మీద రెండు పాత్రలు పెడితే ఒకే గంట. పైగా వాయి ఎక్కించాక పది, పన్నెండు నిమిషాలు దాని దగ్గర ఎవరూ కాపలా ఉండనక్కర్లేదు. పెళ్ళిళ్ళకి సామాను అద్దెకిచ్చే టెంట్ హౌసుల్లో పెద్ద ఇడ్లీ పాత్రలు కూడా దొరుకుతాయి. అందులో అయితే మూడు, నాలుగు వాయిల్లో పని అయిపోతుంది.

పెసరట్టు మంచిదా, ఇడ్లీ మంచిదా అన్నది కాదు ఇక్కడ ప్రశ్న. నలుగురున్న ఇంట్లో పెసరట్టుని మించింది లేదు. కానీ నలభైమందికి టిఫిను ఎంచుకునేటప్పుడు, ఏ పని రాత్రే అయిపోతుంది, ఏ పని పొద్దుటికి మిగులుతుంది అని చూసుకోవాలి. ఒక్కొక్కటిగా కాల్చి పెట్టాల్సింది ఎంచుకున్నారో, ఆ పూట మీరు ఆఖరి పంక్తే!

వాళ్ళకీ ఉంది, మనకీ ఉంది

అమెరికాలో సెలవురోజున బంధువుల్ని పిలిస్తే, పొద్దుటి ఫలహారాన్నీ మధ్యాహ్న భోజనాన్నీ కలిపి పది, పదకొండు గంటల వేళ పెడతారు. దానికి ముందురోజు రాత్రే ఒక పెద్ద పళ్ళెంలో రొట్టెముక్కలు పరిచి, గుడ్లూ పాలూ గిలక్కొట్టి పోసి, పైన జున్ను తురుము చల్లి ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. పొద్దున్న లేచి ఓవెన్లో పెడితే గంటలో తయారు. కత్తితో ముక్కలు కోసి అందరికీ ఒకేసారి వడ్డిస్తారు. దాన్ని క్యాసరోల్ అంటారు. మనం ఆ పేరుని ఇడ్లీలు వేడిగా దాచుకునే డబ్బాకి పెట్టుకున్నాం గానీ, వాళ్ళకి వండే పాత్రా అదే, అందులో వండిన వంటకమూ అదే.

ఇదేదో కొత్త విద్య అనుకునేరు. రాత్రి రుబ్బి, పొద్దున్న ఒకే గిన్నెలో పోసి, ముక్కలు కోసి పెట్టే దిబ్బరొట్టె మనకి ఎప్పటినుంచో ఉంది. ఆవిరికుడుమూ ఉంది. ఓవెన్ అక్కర్లేదు, మందపాటి గిన్నె, సన్నసెగ ఉంటే చాలు. పేరు ఇంగ్లీషులో లేదన్న లోటు తప్ప మరే లోటూ లేదు!

పైగా మా డెల్టాలో దీనికి కావలసిన రెండూ ఒకే పొలంలో పండుతాయి. సార్వా వరి కోతకి రాబోతుండగా, ఇంకా పదును ఆరని చేలో మినుములు చల్లుతారు. కోతలయ్యాక ఆ తడితోనే మినప చేను ఎదుగుతుంది. గుంటూరు పక్కన లాం ఫారం నుంచి వచ్చిన ఎల్.బి.జి. మినుము రకాలు, బాపట్ల వరి పరిశోధన స్థానం 1986లో విడుదల చేసిన బి.పి.టి. 5204, అంటే మన సాంబమసూరి, ఈ పేర్లు తెలియని రైతు ఇల్లు ఇటువైపు ఉండదు. ఈమధ్య చాలా పొలాల్లో మినుము స్థానంలో మొక్కజొన్న వచ్చింది గానీ, పండక్కి పప్పు నానబెట్టే అలవాటు మాత్రం పోలేదు.

ఇడ్లీ: సగం పని రాత్రే

నలభైమందికి కిలో మినపగుళ్ళు, రెండు కిలోల ఇడ్లీరవ్వ సరిపోతాయి. నూట ఇరవైకి తగ్గకుండా ఇడ్లీలు వస్తాయి. పప్పు నాలుగైదు గంటలు నాననివ్వండి. గ్రైండరులో చల్లటి నీళ్ళు చిలకరిస్తూ రుబ్బితే పిండి బాగా ఒదుగుతుంది. మిక్సీలో వేస్తే పిండి వేడెక్కుతుంది, ఒదుగు తక్కువ. రవ్వ విడిగా నానబెట్టి, గట్టిగా పిండి, రుబ్బిన పిండిలో చేత్తో కలపండి. పిండి పొంగుతుంది కనక గిన్నె సగానికి మించి నింపవద్దు. నిండా పోస్తే తెల్లారి వంటగది గట్టు కడుక్కోవడం అదనపు పని!

పిండి పొంగడానికి కారణం అందులో పెరిగే మేలు చేసే సూక్ష్మజీవులు. ల్యూకోనాస్టాక్ అనే బాక్టీరియా వాటిలో ముఖ్యమైనది. అది వదిలే వాయువే పిండిని గుల్ల చేస్తుంది. దానికి వెచ్చదనం కావాలి. వేసవిలో ఆరేడు గంటల్లో పొంగే పిండి, భోగినాటి చలికి పన్నెండు గంటలైనా కదలదు. అందుకని సంక్రాంతికి మధ్యాహ్నమే రుబ్బి, గిన్నెకి పాత దుప్పటి చుట్టి, పొయ్యి ఉన్న గదిలో ఉంచండి. వేసవి పెళ్ళిళ్ళకైతే రాత్రి పొద్దుపోయాక రుబ్బినా చాలు. తెల్లవారుజామున పొంగగానే ఫ్రిజ్‌లో పెడితే పులుపెక్కదు. కరెంటు పోతుందన్న అనుమానం ఉంటే రుబ్బుడు పని సాయంత్రానికే ముగించండి.

అంత చేసినా పిండి పొంగకపోతే? దానికీ ముందే ఒక దారి చూసుకోండి. బొంబాయి రవ్వని నేతిలో తాలింపుతో సహా వేయించి డబ్బాలో పెట్టుకుంటే వారం రోజులుంటుంది. పొద్దున్న రవ్వ ఎంతో పుల్లపెరుగు అంత పోసి, తగినన్ని నీళ్ళు, చిటికెడు వంటసోడా వేసి అరగంట నానిస్తే రవ్వ ఇడ్లీకి పిండి సిద్ధం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క ఈ పద్ధతి కనిపెట్టామని బెంగళూరు ఎం.టి.ఆర్. హోటలు వాళ్ళు చెప్పుకుంటారు. పిండి పొంగకపోవడం అంతకంటే పెద్ద ఆపద కాదుగా!

దిబ్బరొట్టె, ఆవిరికుడుము

ఇంట్లో పదిహేను, ఇరవైమందే ఉంటే దిబ్బరొట్టె చక్కటి ఎంపిక. ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యపు రవ్వ. పిండి ఇడ్లీపిండి కంటే గట్టిగా ఉండాలి. మందపాటి గిన్నెలో నూనె కాస్త ధారాళంగా వేసి, వేడెక్కాక పిండి రెండంగుళాల మందాన పోసి, మూతపెట్టి సన్నసెగ మీద ఇరవై, పాతిక నిమిషాలు వదిలెయ్యండి. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. తిరగేసి ఇంకో అయిదు నిమిషాలు ఉంచి ముక్కలు కోస్తే గిన్నెకి నలుగురికి వస్తుంది. పూర్వం మూత మీద కూడా నిప్పులు వేసేవారు, అందుకని తిరగెయ్యాల్సిన పనే ఉండేది కాదు.

ఆవిరికుడుముకి మినప్పిండి ఒక్కటే చాలు, బియ్యం అక్కర్లేదు. రాత్రి గట్టిగా రుబ్బి ఉప్పు కలిపి ఉంచి, పొద్దున్న నెయ్యి రాసిన పళ్ళేల్లో పోసి ఇరవై నిమిషాలు ఆవిరి పట్టడమే. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, పైన తడిగుడ్డ వాసెన కట్టి దానిమీద పొయ్యడం పాత పద్ధతి. పదో శతాబ్దపు కన్నడ గ్రంథం 'వడ్డారాధనె'లో 'ఇడ్డలిగె' పేరు కనిపిస్తుంది. ఆ పాతకాలపు ఇడ్లీ మినప్పిండితోనే చేసినదనీ, బియ్యం కలపడం తర్వాత వచ్చిన పద్ధతనీ ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ్య రాశారు. ఆ లెక్కన మన ఆవిరికుడుము ఇడ్లీకి పెద్దక్క వరస కావచ్చు.

పులిహోర: గుజ్జు రాత్రి, అన్నం పొద్దున్న

ఆలస్యంగా వచ్చేవాళ్ళకోసం మళ్ళీ పొయ్యి వెలిగించకుండా ఉండాలంటే పులిహోరే దిక్కు. ఇడ్లీతో పాటు పక్కన పెట్టడానికి నలభైమందికి మూడు కిలోల బియ్యం, అర కిలోకి కాస్త తక్కువగా చింతపండు చాలు. చింతపండు గుజ్జులో పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు, ఉప్పు వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించి ముందురోజే సిద్ధం చేసుకోండి. దీన్ని స్టీలు గిన్నెలోనో జాడీలోనో ఉంచాలి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో, అల్యూమినియం గిన్నెలో పులుపు నిలవ ఉంచకూడదు.

పొద్దున్న అయిదింటికి అన్నం మెతుకు మెతుకూ విడిగా ఉండేలా వండి, పెద్ద పళ్ళెంలో ఆరబోసి, నూనె, పసుపు కలిపి, గుజ్జు పట్టించండి. ఎనిమిదింటికల్లా ఊరి రుచి వస్తుంది. పల్లీలు, శనగపప్పు తాలింపు మాత్రం వడ్డించే ముందు కలిపితే మెత్తబడదు. నిమ్మకాయ పులిహోర అయితే చేసిన రెండు మూడు గంటల్లో వడ్డించెయ్యాలి.

వేసవిలో తోడు పెట్టిన అన్నం

మే నెల పెళ్ళిళ్ళలో పొయ్యి దగ్గరికి వెళ్ళడమే శిక్ష. అలాంటప్పుడు రాత్రి కిలో బియ్యం మెత్తగా వండి, వేడి తగ్గగానే మూడు లీటర్ల కాచిన పాలు పోసి, గోరువెచ్చగా ఉండగానే రెండు మూడు చెంచాల పెరుగుతో తోడు పెట్టండి. పాలు ధారాళంగా ఉంటే పొద్దుటికి పులవకుండా గడ్డగా తోడుకుంటుంది. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి, పక్కన మాగాయ ముక్క ఉంటే పన్నెండు, పదిహేనుమంది కడుపు చల్లగా తింటారు. మన అమ్మమ్మలకి తెలిసిన పొద్దుటి ఫలహారం ఇదే కదా. ఉప్మాలూ పూరీలూ తర్వాత వచ్చాయి.

పచ్చళ్ళ విషయం

అల్లప్పచ్చడి మూడు, నాలుగు రోజుల ముందే చేసి పెట్టుకోవచ్చు. చింతపండూ బెల్లమూ ఉన్నాయి కనక చెడదు. కారప్పొడి, నెయ్యి ఎప్పుడూ సిద్ధమే. పల్లీలు వేయించి పొట్టు తీసి ఉంచుకుంటే పొద్దున్న రుబ్బడం పది నిమిషాల పని. కొబ్బరి రాత్రే తురిమి ఫ్రిజ్‌లో పెట్టుకోండి గానీ, పచ్చడి మాత్రం పొద్దున్నే చెయ్యండి. అదీ ఒక్కసారి కాకుండా రెండు విడతలుగా. ఏడింటికి చేసిన కొబ్బరి పచ్చడిని పదకొండింటికి వచ్చిన వాళ్ళకి పెట్టడం మర్యాద కాదు, క్షేమమూ కాదు.

రాత్రి చేసి ఉంచకూడనివి

ముందే చేసుకోవడమంటే అన్నీ వండి మూతలు పెట్టడం అనుకోకూడదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పొంగే పిండిలో, పులుపులో, పెరుగులో చెడ్డ క్రిములు తేలిగ్గా పెరగలేవు. ఉప్మా, పొంగలి, పూరీకూర, తెల్లన్నం అలా కావు. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి మొండి విత్తనాల రూపంలో బతికి ఉంటుంది. అన్నం గంటల తరబడి బయట ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. "పొద్దున్న బాగా వేడి చేస్తే సరి" అనుకోవడం అందుకే ప్రమాదం. పెళ్ళింట్లో పసిపిల్లలూ, వయసు మళ్ళినవాళ్ళూ, నిండు చూలాళ్ళూ ఉంటారు. వాళ్ళకి వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే పందిరిలో ఉండాల్సినవాళ్ళు ఆస్పత్రిలో ఉంటారు.

గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. అయిదు డిగ్రీల నుంచి అరవై డిగ్రీల సెల్సియస్ దాకా ఉన్న వేడి క్రిములకి పండగ. వండిన పదార్థం ఆ మధ్యలో రెండు గంటలకి మించి ఉండకూడదు. బయట ఎండ ముప్ఫైరెండు డిగ్రీలు దాటితే గంటే. మన వేసవి పొద్దుళ్ళకి అదెంత త్వరగా దాటుతుందో చెప్పక్కర్లేదు. హాట్‌ప్యాక్‌లో పెట్టేది పొగలు కక్కుతుండగా పెట్టాలి. గోరువెచ్చనిది పెడితే ఆ డబ్బా క్రిములకి పొదుగుడు గంపే. అందుకని ఉప్మా కావాలంటే రవ్వ ముందే వేయించుకోండి, వండేది మాత్రం తినే వేళకే.

ఎవరికి ఏ పని?

2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. 2024 సర్వేలో ఆడవాళ్ళ లెక్క 289 అయింది. అయిదేళ్ళలో తగ్గింది పది నిమిషాలు! ఇవి మామూలు రోజుల లెక్కలు. చుట్టాలున్న రోజు సంగతి మీకు నేను చెప్పాలా?

రాత్రే చేసే పనిలో ఉన్న అసలు సుగుణం ఇదే. దాన్ని పంచుకోవచ్చు. పొద్దున్న పెనం ముందు ఇద్దరికి చోటుండదు. రాత్రి అరుగు మీద పదిమంది కూర్చోవచ్చు. పల్లీల పొట్టు పిల్లలు తీస్తారు. కొబ్బరికాయలు కొట్టడం, గ్రైండరు తెచ్చిపెట్టడం, గ్యాస్ బండ చూసుకోవడం, ఆకులు కడిగి పెట్టడం మగవాళ్ళకి అప్పగించండి. చింతపండు పిసికేది ఆడపడుచు, కబుర్లు చెప్పేది పెద్దత్తయ్య. రుబ్బురోళ్ళ కాలంలో పెళ్ళికి ముందు రాత్రి ఆడవాళ్ళంతా వంతులవారీగా రుబ్బేవారు. రోలు పోయి గ్రైండరు వచ్చాక పని తగ్గినట్టే తగ్గి, ఆ వంతులన్నీ పోయి ఒక్క మనిషి మీద పడింది. మళ్ళీ వంతులు వెయ్యండి. పొద్దున్న వడ్డన ఎవరిదో కూడా రాత్రే చెప్పెయ్యండి. అప్పటికప్పుడు అడిగితే అందరూ స్నానానికి వెళ్ళిపోతారు!

వీలుగా ఒక పట్టిక

నాలుగు రోజుల ముందు: అల్లప్పచ్చడి, కారప్పొడి. రవ్వ వేయించడం. టెంట్ హౌసులో ఇడ్లీ పాత్ర చెప్పి ఉంచడం.

ముందురోజు పొద్దున్న: పప్పు నానబెట్టడం. చింతపండు గుజ్జు. పల్లీలు వేయించడం.

ముందురోజు మధ్యాహ్నం లేదా సాయంత్రం, కాలాన్ని బట్టి: పిండి రుబ్బడం. కొబ్బరి తురిమి ఫ్రిజ్‌లో పెట్టడం.

రాత్రి పడుకునే ముందు: వేసవైతే అన్నం తోడు పెట్టడం. ఆకులు, గ్లాసులు, గరిటెలు ఒకచోట చేర్చడం. ఎవరి పని ఏదో చెప్పడం.

పొద్దున్న అయిదింటికి: పులిహోర అన్నం. ఆరింటికి: మొదటి విడత పచ్చళ్ళు, మొదటి వాయి. ఏడింటికి: పెద్దవాళ్ళ పంక్తి. తొమ్మిదింటికి: రెండో విడత పచ్చళ్ళు, పిల్లలు, మిగిలినవాళ్ళు.

"ఇవాళ అట్లు లేవా?" అని ఎవరో ఒకరు అడక్కపోరు. మొహమాటపడకండి. "అట్లపిండి ఉంది బావగారూ, పెనమూ ఉంది, వేసుకుంటారా?" అని నవ్వుతూ అనండి. ఆ తర్వాత ఏడింటి పంక్తిలో మీ అమ్మ పక్కనో, అత్తగారి పక్కనో మీ విస్తరి వేయించుకుని కూర్చోండి. మీ ఇంట్లో మీరు చేసిన ఇడ్లీ వేడిగా ఉండగా ఎలా ఉంటుందో మీకూ తెలియాలిగా!